మీరు లేనప్పుడే బాగా వచ్చింది

ఆమె ఆ గదిలోకి అడుగుపెట్టి చేసిన మొట్టమొదటి పని లైటు వేయడం.

చీకటి గది అని తలుపు మీద ఇంతింత అక్షరాలతో రాసి ఉంది. పైన ఎర్ర బల్బు వెలుగుతోంది. అయినా సరే, రెండు చేతుల్లో రంగుసీసాల ట్రే, భుజాన బ్యాగు, పళ్ళ మధ్య పెన్ను, మోచేత్తో తలుపు తోసుకుని వచ్చి, అదే మోచేత్తో గోడ తడిమి, టక్కున స్విచ్చి నొక్కింది.

లోపల ఒకతను స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. అతని ఎదురుగా పళ్ళెంలో కోడిమాంసం ముక్క, దానికి కాస్త ఎత్తులో ఒక కెమెరా. పొద్దుటి నుంచీ ఆ కెమెరా ఆ ముక్కలోంచి వచ్చే మినుకు మినుకు వెలుతురుని చుక్క చుక్కగా పోగుచేస్తోంది. లైటు పడగానే స్క్రీనంతా తెల్లబోయింది. పొద్దుటి పనంతా నీళ్ళపాలు.

ఇంకొకరైతే గయ్యిమని లేచేవాళ్ళు. అతను కూడా లేచాడు. వెళ్ళి లైటు ఆర్పి, వచ్చి మళ్ళీ స్టూలు మీద కూర్చున్నాడు. అంతే.

"అయ్యయ్యో, సారీ అండీ!" చీకట్లో ఆమె గొంతు కంగారుపడింది. "ఎర్ర బల్బు చూశాను. ఎవరో ఆర్పడం మర్చిపోయారనుకున్నాను. చాలా పాడైందా?"

జవాబు లేదు.

"కోపం వచ్చిందా?"

ఊఁ లేదు, ఆఁ లేదు.

"ఏమండీ, అసలు ఉన్నారా, నేను కోడితో మాట్లాడుతున్నానా?"

"ఉన్నాను," అన్నాడతను.

"హమ్మయ్య. నేను పైఅంతస్తులో కొత్తగా చేరాను. రంగులు చేసేది నేనే. రేపట్నించి మధ్యాహ్నాలు మీతోనే పని. పెద్దసారు చెప్పే ఉంటారు. చెప్పారా? చెప్పలేదా? మీరు తల ఊపుతుంటే మాత్రం చెప్పండి, ఈ చీకట్లో నాకు కనపడదు."

అతను నిజంగానే తల ఊపుతున్నాడు. పట్టుబడిపోయినందుకు నవ్వొచ్చింది. ఆ నవ్వు కూడా చీకట్లోనే కలిసిపోయింది.

అతన్ని ల్యాబులో అందరూ 'మూగనోము' అనేవాళ్ళు. ఎదురుగానే అనేవాళ్ళు. అతను ఏమీ అనడు కాబట్టి వాళ్ళకీ మొహమాటం లేదు. పని మాత్రం వంక పెట్టడానికి లేకుండా చేస్తాడు. ఎవరి కంప్యూటర్ మొరాయించినా, ఎవరి కుర్చీ కాలు ఊగిసలాడినా, మర్నాటికి బాగైపోయి ఉంటుంది. ఎవరు చేశారో వాళ్ళకే తెలియదు. అడిగితే అతను తప్పించుకుపోతాడు. ఆమెకి వారం తిరక్కుండానే 'వసపిట్ట' అని పేరు పడింది. ఈ ఇద్దర్నీ ఒక చీకటి గదిలో వేసిన పెద్దసారు బుర్రని మెచ్చుకోవాలి.

ఇంతకీ ఆ గదిలో వాళ్ళు చేసేదేమిటి? నేను చెబితే పాఠంలా ఉంటుంది. మాంసం కొట్టు అతనికి ఆమె చెప్పినట్టు చెబితే బాగుంటుంది.

మాంసానికి ఇద్దరూ కలిసి వెళ్ళారు. అతనొక్కడే వెళితే కొట్టువాడు ఏది కట్టిస్తే అదే తెచ్చేసుకుంటున్నాడని ఆమె అనుమానం.

"స్కినుతోనా, స్కిన్ లేకుండానా అమ్మా? ముక్కలు చెయ్యనా?" అన్నాడు కొట్టతను, కత్తి ఎత్తి.

"ఆగాగు! ముక్కలొద్దన్నా. మందంగా ఒకటే ముక్క. దాని మీద కత్తిగాటు కూడా ఉండకూడదు."

"అంత మందంది ఉడకదమ్మా."

"ఉడకబెట్టం. ఫోటో తీస్తాం."

కొట్టతను కత్తి దించాడు. ఆమె పక్కనున్న మూగనోము వంక చూశాడు. మూగనోము ఎప్పట్లాగే త్రాసు వంక చూస్తున్నాడు.

"పైపైన కాదన్నా, లోపలిది," అంది ఆమె. "టార్చిలైటు మీద అరచెయ్యి పెట్టావనుకో, ఏమవుతుంది? చెయ్యంతా ఎర్రగా వెలుగుతుంది. లోపల ఎముక ఎక్కడుందో, నరం ఎక్కడుందో తెలుస్తుందా? తెలీదు. కండలోకి వెళ్ళిన వెలుతురు చెదిరిపోతుంది. అలాగే లోపల వెలిగే రంగు పెట్టినా, బయటికి వచ్చేసరికి అలుక్కుపోతుంది. అందుకని నేనో రంగు చేశాను. చల్లగా ఉన్నంతసేపూ నిద్రపోతుంది. కాస్త వెచ్చబడితే లేచి వెలుగుతుంది."

"బాగుందమ్మా. మరి ఈ బాబు?"

"ఈయన దగ్గర ఒక శబ్దం ఉంది. అల్ట్రాసౌండ్. మనిషి చెవికి వినపడదు. అచ్చం ఈయనలాగే. దాన్ని లోపల ఎక్కడో ఆవగింజంత చోటికి గురిపెట్టి కొడతారు. ఆ ఆవగింజంత చోటే వెచ్చబడుతుంది. అక్కడి రంగే లేస్తుంది. ఆ వెలుతురు బయటికి ఎంత చెదిరిపోయి వచ్చినా మాకు బెంగలేదు. ఎక్కడ తట్టి లేపామో మాకు తెలుసుగా! అలా పక్కపక్కనే తట్టుకుంటూ పోతే లోపలి బొమ్మ మొత్తం వచ్చేస్తుంది. ముందు ముందు డాక్టర్లు కొయ్యకుండానే లోపల గడ్డ అంచు ఎక్కడిదాకా ఉందో చూసుకోవచ్చు."

"మరి నిజంగా కనపడుతోందా?"

ఆమె గబగబా పర్సు తెరిచి, "ఎంతయిందన్నా?" అంది. 

కనపడటం లేదు. అదీ అసలు చిక్కు.

మాంసంలో లోతుగా రెండు సన్నటి గొట్టాలు పక్కపక్కనే దూర్చి, వాటినిండా రంగు నింపేవాళ్ళు. స్క్రీను మీద రెండు గీతలు విడివిడిగా రావాలి. ఈ పనికి డబ్బిచ్చే పై కమిటీ చూడటానికి వచ్చేనాటికి ఆ రెండు గీతలు చూపిస్తే పని కొనసాగుతుంది. చూపించలేకపోతే ఆమె ఉద్యోగం ఊడుతుంది. రంగు పనికని తీసుకున్న మనిషి, రంగు వెలగకపోతే ఇక ఆమెతో పనేముంది? ఈ సంగతి పెద్దసారు మొదటిరోజే మెత్తగా చెప్పారు.

మొదట్లో గీతలు వచ్చేలాగే ఉండేవి. సరిగ్గా ఆ రోజుల్లోనే, లైటు వేసి గొట్టాలు సర్దేటప్పుడు అతని కంట ఒక సంగతి పడింది.

ఆ గదిలో చలి ఎక్కువ. ఏసీ ఇరవై ఒకటి దగ్గరే ఉండాలని రూలు, పైగా ఆ గాలి సూటిగా పక్క స్టూలు మీదికే కొడుతుంది. ఆమె పక్క స్టూలు మీద కూర్చుని ఒకటే కబుర్లు చెబుతూ, మధ్యమధ్యలో అరచేతులు రుద్దుకునేది. ఓసారి చేతులు చంకల్లో పెట్టుకుంది. ఇంకోసారి మాట్లాడుతూ మాట్లాడుతూ పళ్ళు టకటకమనిపించింది. చలిగా ఉందని మాత్రం ఒక్క మాట అనలేదు. లోకంలో ఉన్న సంగతులన్నీ చెప్పే మనిషి ఆ ఒక్కటీ ఎందుకు చెప్పలేదో అతనికి అర్థం కాలేదు. అతని ప్రాణం ఉసూరుమంది.

మర్నాడు మధ్యాహ్నం ఆమె భోంచేసి కిందికి దిగేలోపల, అతను రిమోట్ తీసి ఇరవై అయిదు చేశాడు. ఆమె వెళ్ళిపోగానే మళ్ళీ ఇరవై ఒకటి చేశాడు. ఎవరికీ చెప్పలేదు. చెప్పే అలవాటుంటే అతను మూగనోము ఎందుకవుతాడు?

ఆ మధ్యాహ్నం ఆమె చేతులు రుద్దుకోలేదు. "ఈరోజు ఎందుకో హాయిగా ఉందండీ," అంది. అతనికి కడుపు నిండిపోయింది. ఆ రోజు నుంచీ అదే తంతు.

ఆ రోజు నుంచే బొమ్మలూ పాడయ్యాయి.

"అదేంటండీ, మాంసమంతా వెలుగుతోంది!" ఆమె స్క్రీను మీదికి వంగింది. "రెండు గీతలేవీ? పొగమంచులా ఉంది. నా రంగు లీకవుతోందా? గొట్టం కారుతోందా?"

గొట్టం మార్చారు. అదే పొగమంచు. ఆమె రంగు పారబోసి కొత్తగా చేసింది. మళ్ళీ పొగమంచే. సీసాలు కడిగి కడిగి ఆమె వేళ్ళు నానిపోయాయి. గరాటులు మార్చింది, నీళ్ళు మార్చింది, ఆఖరికి చేతికున్న గాజులు కూడా తీసి పైన పెట్టి వచ్చింది, వాటి మెరుపు కెమెరాలో పడుతోందేమోనని. కబుర్లు తగ్గాయి. వసపిట్ట పలుకు తగ్గితే గది మరీ చీకటిగా ఉందనిపించింది అతనికి.

అంత చదువుకున్నవాడికి ఏసీ సంగతి తట్టలేదా అంటారేమో. నిజంగానే తట్టలేదు. అల్ట్రాసౌండ్ కోసం పళ్ళెం కింద పెట్టిన పెద్ద తొట్టిలో నీళ్ళు గది గాలికి అంత తొందరగా వేడెక్కవని అతనికి బాగా తెలుసు. తెలిసినదాని మీద ధీమా. కానీ మాంసం ఉన్నది తొట్టిలో కాదు, తొట్టి మీద పల్చటి పళ్ళెంలో. ఆమె భోజనం చేసి వచ్చేదాకా అది ఆ వెచ్చటి గాలిలోనే కూర్చునేది. ఆమె రంగేమో ఇరవై నాలుగు దాటితే చాలు, నిద్ర లేచేస్తుంది. ఇంక అల్ట్రాసౌండ్ వచ్చి తట్టేదాకా ఎవరాగుతారు? పైగా అతను రిమోట్ నొక్కేటప్పుడు మనసు మనసులో ఉండేది కాదు. ఆ పని అతని లెక్కలో ప్రయోగంలో భాగం కాదు. అది వేరే ఖాతా.

ఒకరోజు పొద్దున ఆమె ఇంకా పైనుండగా, మిగిలిన రంగుతో ఊరికే ఒకసారి తీసి చూశాడు. రెండు గీతలు! కళ్ళు నులుముకుని చూశాడు. దువ్వెన పళ్ళలా విడివిడిగా, చక్కగా రెండు గీతలు. మధ్యాహ్నం ఆమె వచ్చాక తీస్తే మళ్ళీ అదే పొగమంచు.

ఇంత విచిత్రం చెప్పకుండా ఎలా ఉంటాడు? అతను గొంతు సవరించుకున్నాడు. ఆమె ఆశగా తిరిగింది. పాపం, తనంతట తాను ఎప్పుడు మాట్లాడతాడా అని ఎన్నాళ్ళుగా ఎదురుచూస్తోందో.

"మీరు లేనప్పుడే బాగా వచ్చింది," అన్నాడు.

ఆమె చేతిలోని సీసా బల్ల మీద పెట్టింది.

"ఏమన్నారూ?"

"పొద్దున. మీరు లేరు. రెండు గీతలు వచ్చాయి. మీరు వచ్చాక..." అతను స్క్రీను చూపించాడు.

"అంటే నా వల్లే పాడవుతోందనా?"

"అలా కాదు..."

"మరెలా?"

ఎలాగో అతనికీ తెలియదు. తెలియనిది ఎలా చెబుతాడు? ఊరుకున్నాడు. ఆ ఊరుకోవడమే కొంప ముంచింది.

"ఇన్నాళ్ళకి మీరు నోరు విప్పి నాతో ఇంత పెద్ద మాట మాట్లాడారు. అది ఇదా?" ఆమె బ్యాగు భుజాన వేసుకుంది. "మంచిదండీ. రేపట్నించి రంగు లిఫ్టులో పంపిస్తాను. మీరూ మీ కోడీ హాయిగా ఉండండి."

తలుపు విసురుగా వేసి వెళ్ళింది. బయట వాన మొదలైంది. ఆమె గొడుగు గది మూలనే ఉండిపోయింది. అతను గొడుగు పట్టుకుని గేటుదాకా పరుగెత్తేసరికి ఆమె బస్సెక్కేసింది. కిటికీ పక్కన కూర్చుని అతన్ని చూసింది. చూసి, అటు తిరిగింది.

రంగు లిఫ్టులో వచ్చింది. అతనొక్కడే తీశాడు. పొద్దున తీసినా, మధ్యాహ్నం తీసినా బొమ్మలు వస్తున్నాయి. అద్దంలా వస్తున్నాయి. పెద్దసారు చూసి భుజం తట్టారు. "చూశావా, నువ్వు ఒంటరిగా చేస్తే ఎంత బాగుందో! రంగు మంచిదే. ఆ అమ్మాయి చెయ్యే కుదరడం లేదు. తయారుచేసే పద్ధతి రాసిచ్చి వెళ్ళమందాం. మిగతాది మనమే చూసుకోవచ్చు."

అతనికి అన్నం సయించలేదు.

ఇంట్లో అమ్మ కుట్టుమిషను ముందు కూర్చుని ఎవరిదో జాకెట్టుకి చేతులు అతుకుతోంది. కంచంలో చెయ్యి పెట్టి కూర్చున్న కొడుకుని కళ్ళజోడు పైనుంచి చూసింది.

"ఏంట్రా?"

"ఏం లేదు."

"నీ 'ఏం లేదు'లన్నీ మూటకడితే ఈ ఇల్లు చాలదు. పని బాగా రావట్లేదా?"

"బాగా వస్తోంది."

"మరి ఆ మొహమేంటి, పీకల మీదికి వచ్చినట్టు? ఆ అమ్మాయేనా? రోజూ వచ్చి ఏవేవో చెప్పేవాడివి. ఈ వారంగా ఆ ఊసే లేదు."

"నేనెప్పుడు చెప్పాను?"

"'ఇవాళ ఆవిడ ఇలా అంది' అన్నావంటే నీ లెక్కన అది ఉపన్యాసంరా." అమ్మ దారం కొరికింది. "మీ నాన్నా ఇంతే. నేనంటే ఇష్టమని నాకు చెప్పలేదు. మా పిన్నితో చెప్పారట, పెళ్ళయిన పదేళ్ళకి. పిన్ని నాకు చెప్పింది. ఆ పదేళ్ళూ నేను ఎంత కుళ్ళిపోయానో ఆయనకేం తెలుసు? మనసులో పెట్టుకుంటే ఎదుటివాళ్ళకి ఎలా తెలుస్తుందిరా, మొద్దూ!"

మర్నాడు, నాలుగింటికి పెద్దసారు గదిలో ఆమె రాజీనామా ఇవ్వబోతోందని పైఅంతస్తు వాళ్ళు అనుకుంటుండగా విన్నాడు. గోడల రంగుల కంపెనీలో ఉద్యోగం దొరికిందట. వాళ్ళ నాన్న ఉండే ఊళ్ళోనేనట. రేపు కమిటీకి చూపించడం అయిపోగానే రైలెక్కేస్తుందట.

అతను చీకటి గదిలోకి వచ్చి పడ్డాడు. మధ్యాహ్నం అయింది. పళ్ళెంలో మాంసం పెట్టి, మనసెక్కడో ఉండి, పాత అలవాటు కొద్దీ రిమోట్ అందుకున్నాడు. వేలు మీట మీద ఉంది. ఆమె రాదుగా, ఎవరి కోసం?

వేలు అలాగే ఆగిపోయింది.

ఆమె రాని రోజుల్లో తను రిమోట్ ముట్టుకోలేదు. ఆమె వచ్చిన రోజుల్లో ముట్టుకున్నాడు. ఆమె లేనప్పుడే బాగా వచ్చింది. ఆమె ఉన్నప్పుడు పాడైంది. పాడుచేసింది ఆమె కాదు. ఇరవై అయిదు పాడుచేసింది. ఇరవై అయిదు చేసింది తను!

"చచ్చాను," అన్నాడు పైకే.

మీట నొక్కి ఇరవై అయిదు చేశాడు. పళ్ళెం అక్కడే ఉంచి, గోళ్ళు కొరుక్కుంటూ కూర్చుని, తీసి చూశాడు. పొగమంచు! మళ్ళీ ఇరవై ఒకటి చేసి, మాంసం చల్లబడ్డాక తీశాడు. రెండు గీతలు! రెండు బొమ్మలూ ప్రింటు తీసి, మెట్లు రెండేసి చొప్పున ఎక్కి, పెద్దసారు గది తలుపు కొట్టకుండానే తోశాడు.

ఆమె కుర్చీలో తల వంచుకుని ఉంది. పెద్దసారు కళ్ళజోడు తుడుచుకుంటున్నారు.

"సార్, ఆవిడ తప్పు లేదు. నాది," అన్నాడు ఆయాసంతో.

పెద్దసారు కళ్ళజోడు పెట్టుకున్నారు. ఈ మనిషి అడగకుండా మాట్లాడటం ఆయన ఎప్పుడూ చూసి ఎరుగరు.

"ఏసీ మార్చాను సార్. మధ్యాహ్నం పూట. ఇరవై అయిదు. రంగు మొత్తం నిద్ర లేచిపోయింది. ఇదిగో ఇరవై అయిదులో, ఇదిగో ఇరవై ఒకటిలో. ఆవిడ రంగు ఇంత సరిగ్గా పనిచేస్తోంది సార్. ఆవిడ చేతిలో ఏ లోపమూ లేదు."

"రూలు తెలుసు కదా నీకు? ఏసీ ఎందుకు ముట్టుకున్నావు?"

 ఆమె తలెత్తి చూస్తోంది. ఎన్నో చూపులు చీకట్లో వృథా అయ్యాయి గానీ, ఈ చూపు పట్టపగటి వెలుతురులో సూటిగా వచ్చి తగిలింది.

"ఆవిడకి చలేస్తోంది సార్."

పెద్దసారు ప్రింట్లు దగ్గరికి లాక్కున్నారు.

"చేతులు రుద్దుకునేవారు. పళ్ళు టకటకమనేవి. చూడలేకపోయాను. ఆవిడ దిగి రాకముందే మార్చేవాణ్ణి. వెళ్ళాక తగ్గించేవాణ్ణి. అందుకే ఎవరికీ తెలీలేదు. నాకూ తెలీలేదు, ఇందాకటిదాకా."

పెద్దసారు కాసేపు ప్రింట్లు చూశారు, కాసేపు వీళ్ళిద్దర్నీ చూశారు. ఆయన మీసాల కింద ఏదో కదిలింది. "నేను కాఫీ తాగి వస్తాను," అని లేచి వెళ్ళిపోయారు. కాఫీ ఆయన బల్ల మీదే ఉంది.

తలుపు పడగానే ఆమె లేచింది. సంతోషిస్తుందనుకున్నాడు పిచ్చివాడు.

"ఎన్ని సీసాలు పారబోశానో తెలుసా?" ఆమె కళ్ళలో నీళ్ళు గిర్రున తిరిగాయి. "నా రంగుని నేనే నమ్మలేదు. నా చేతుల్ని నమ్మలేదు. ఇంటికి ఫోన్ చేసి నాన్న దగ్గర ఏడ్చాను, ఈ పనికి నేను పనికిరానని. మీరు పక్కనే కూర్చుని చూస్తున్నారు! 'చలేస్తోందా' అని అడగడానికి ఎంతసేపండీ? ఒక్క ముక్క! నేను ఇంటి నుంచి దుప్పటి తెచ్చుకునేదాన్ని కదా!"

"తప్పే."

"తప్పేనా? ఇంకేం లేదా?"

"చాలా పెద్ద తప్పు," అన్నాడు అతను. "నేను అడిగి ఉంటే మీకు ఇంత బాధ ఉండేది కాదు. నాకు మాటలు రావు. మీరు మాట్లాడుతుంటే వినడం బాగుంటుంది. మీరు లేని గదిలో బొమ్మలు బాగా వస్తున్నాయి గానీ, నాకు ఆ గదిలోకి వెళ్ళబుద్ధి కావడం లేదు. మీరంటే నాకు ఇష్టం. వెళ్ళకండి."

ఇదంతా ఒక్క ఊపిరిలో అనేశాడు. అన్నాక తనే బిత్తరపోయి నిలబడ్డాడు.

ఆమె కళ్ళు తుడుచుకుంది. "రేపు కమిటీ వస్తోంది. ముందు గీతలు చూపిద్దాం. మిగతాది నేను పరీక్ష చేసుకోవాలి," అంది.

"ఏం పరీక్ష?"

"చెప్పను. చెప్పకపోతే ఎలా ఉంటుందో ఒక్కరోజు మీరూ చూడండి."

అతనికి ఆ రోజంతా యుగంలా గడిచింది.

మర్నాడు కమిటీ వాళ్ళు ముగ్గురు కోట్లు వేసుకుని వచ్చి, చీకట్లో గోడవారన నిలబడ్డారు. ఏసీ ఇరవై ఒకటి. అతను స్టూలు మీద. పక్క స్టూలు మీద ఆమె. వినపడని ఆ శబ్దం మాంసంలో చోటు చోటునా తట్టుకుంటూ పోయింది. తట్టినచోటల్లా రంగు కళ్ళు తెరిచి, మళ్ళీ మూసుకుంది. స్క్రీను మీద మొదటి గీత పైనుంచి కిందికి దిగింది. తర్వాత కాస్త ఎడంగా చీకటి. ఆ చీకటి చెదరలేదు. దాని పక్కన రెండో గీత దిగింది.

"విడివిడిగా ఉన్నాయి!" అన్నారు కోటువాళ్ళలో ఒకరు.

పెద్దసారు పక్కనే ఇరవై అయిదులో తీసిన పొగమంచు బొమ్మ కూడా చూపించి, రంగు ఎంత నిక్కచ్చిగా వేడిని కనిపెడుతుందో వివరించారు. అది మొదటి నుంచీ తమ పథకంలో ఉన్నట్టే చెప్పారు. పెద్దవాళ్ళంటే అంతే మరి. కమిటీ తల ఊపింది. పని కొనసాగించమంది. రంగు అమ్మాయి తప్పనిసరిగా ఉండాలంది. అందరూ మాట్లాడుకుంటూ బయటికి వెళ్ళారు. తలుపు మూసుకుంది.

చీకట్లో ఇద్దరే మిగిలారు.

"ఏమండీ."

"ఊఁ."

"ఊఁ కాదు. మాట."

"చెప్పండి."

"మీరు ఇరవై అయిదు చేసిన రోజుల్లో, ఇక్కడ మీ పక్కన కూర్చుంటే నాకు ఒళ్ళంతా వెచ్చగా ఉండేది. చలిగదిలో ఇంత వెచ్చగా ఉందంటే అది ఈయన వల్లేనని అనుకున్నాను. ఇంక మనసు జారిపోయిందని ఖాయం చేసుకున్నాను. నిన్న మీరొచ్చి అది ఏసీ అన్నారు! నాకు ఎంత ఒళ్ళు మండిందో తెలుసా? రంగు సంగతి సగమే. ప్రేమనుకున్నది కాస్తా ఏసీ అని తేలితే ఎవరికి మాత్రం మండదు?"

అతను స్టూలు మీద ఆమె వైపు తిరిగాడు. "మరి?"

"అందుకే పరీక్ష. ఇవాళ ఇరవై ఒకటిలో కూర్చున్నాను. స్వెట్టర్ లేదు, శాలువా లేదు. పొద్దుటి నుంచీ మీ పక్కనే."

"చలేస్తోందా?" అన్నాడు అతను వెంటనే.

ఆమె పకపకా నవ్వింది. "అడిగారు! అమ్మయ్య, అడిగారు! చలేస్తోందండీ. చేతులు గడ్డకట్టుకుపోయాయి." చీకట్లో వెతుక్కుంటూ వచ్చిన చల్లటి చెయ్యి అతని చేతిని పట్టుకుంది. "కానీ లోపల మాత్రం వెచ్చగానే ఉంది. ఏసీ కాదు. నేనూ వెళ్ళను."

అతను ఆ చేతిని రెండు చేతుల మధ్యా పెట్టుకున్నాడు. ఏం చెప్పాలో తెలియలేదు గానీ, ఈసారి ఊరుకోలేదు. "సంతోషంగా ఉంది," అన్నాడు. "చాలా."

అప్పుడే ఆమె ఫోను మోగింది. వాళ్ళ నాన్న.

"ఏమ్మా, స్టేషనుకి బయల్దేరావా? రైలు టైమవుతోంది."

"రావడం లేదు నాన్నా. గోడల రంగుల వాళ్ళకి వద్దని చెప్పేయి."

"అదేంటమ్మా? నిన్నటిదాకా ఏడ్చావు. ఏమైంది?"

ఆమె నోరు తెరిచింది. వసపిట్ట అన్న పేరు తెచ్చుకున్న మనిషికి మొదటిసారి మాట పెగల్లేదు. ఫోను అతని చేతిలో పెట్టేసింది. "మీరే చెప్పండి," అంది సిగ్గుపడుతూ.

"నమస్కారమండీ," అన్నాడు అతను. "నేను మీ అమ్మాయితో పనిచేస్తాను. మీ అమ్మాయిని ఏడిపించింది నేనే. ఎలాగో మొదటి నుంచీ చెబుతాను, వింటారా?"

"వింటాను బాబూ, చెప్పు," అన్నారు ఆయన, కాస్త కటువుగానే.

అతను చెప్పాడు. మోచేత్తో లైటు వేయడం దగ్గర మొదలుపెట్టి, కోడిమాంసం, నిద్రపోయే రంగు, రుద్దుకునే చేతులు, రిమోట్, లిఫ్టులో వచ్చిన సీసాలు, బస్సు కిటికీ, పెద్దసారు కాఫీ, అన్నీ చెప్పాడు. చెబుతూనే ఉన్నాడు. ఆమె మొదట చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. తర్వాత నవ్వు ఆపి, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని వింది. తన గురించి ఇంత చూశాడా, ఇంత గుర్తుపెట్టుకున్నాడా అని ఆమె అతని వైపే తిరిగి కూర్చుంది. అతనికి ఊపిరి తీసుకునే తీరిక కూడా లేదు.

"...మీ అమ్మాయి అంటే నాకు చాలా ఇష్టమండీ. ఇకమీద ఏదైనా ముందు ఆమెని అడిగే చేస్తాను. మీరు ఒప్పుకుంటే మా అమ్మని తీసుకుని వస్తాను," అని ముగించాడు.

 "ఫోను అమ్మాయికివ్వు బాబూ," అని అవతలి నుంచి వినిపించింది.

ఆమె భయంభయంగా చెవి దగ్గర పెట్టుకుంది. "నాన్నా?"

"ఏమే, ఆ అబ్బాయి నోట్లో నాలుక లేనివాడన్నావు?"

"అవును నాన్నా..."

"నా చెవి వేడెక్కిపోయిందే తల్లీ! నిన్ను మించినవాడు దొరికాడు." ఆయన గొంతులో నవ్వు దాగలేదు. "వచ్చే ఆదివారం వాళ్ళమ్మగారిని తీసుకుని ఇద్దరూ రండి. ఇంకా ఏమైనా మిగిలుంటే ఆ రోజు తీరిగ్గా చెప్పమను. నేను వింటాను."